పడవకి తీగలు తేవడానికి బందరు వెళ్ళాం

మేం బందరు వెళ్ళింది లడ్డూల కోసం కాదు, సముద్రం చూడడానికీ కాదు. మా పడవకి మూడు ఉక్కు తీగలు చేయించుకోవడానికి వెళ్ళాం.

విజయవాడ భవానీపురంలో కృష్ణ ఒడ్డున ఒక రేకుల షెడ్డులో మాకో చిన్న తెరచాప పడవ ఉంది. మాకు అంటే నాకూ, నా స్నేహితురాలు రాజ్యానికీ. ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాం, ఇప్పుడు ఒకే ఫ్లాటులో ఉంటున్నాం. ఉద్యోగాల్లో ఉన్నప్పుడే ఆ పడవని సెకండ్‌హ్యాండులో కొన్నాం. చాప ఎత్తే కొయ్యని నిలబెట్టేవి మూడు తీగలు. ముందుకి ఒకటి, పక్కలకి రెండు. వరదలో కొట్టుకొచ్చిన చెట్టు తగిలి రెండు తెగాయి. మూడోది ముట్టుకుంటే తుప్పు రాలుతోంది.

షెడ్డు యజమాని సుధీర్ మర్యాదస్తుడు. విషయం కూడా మర్యాదగానే చెప్పాడు. "కార్తీకమాసం వస్తోంది, టూరిస్టు బోట్లు పెట్టుకోవాలండీ. మీది నడిచే పడవైతే ఓ మూల ఉంచుతాను. ఆదివారం వచ్చి చూస్తా. నడవకపోతే మాత్రం పాత సామాన్లవాడికి చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి."

వన్‌టౌన్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను. లిఫ్టులకీ క్రేన్లకీ వాడే బొటనవేలంత లావు వైరు తప్ప ఎక్కడా ఏమీ లేదు. చివరికి ఒక దుకాణంలో, బందరు దగ్గర గిలకలదిండి హార్బరులో నాంచారయ్య అనే మనిషి పడవల వైర్లు చేస్తాడని చెప్పారు. ఫోను చేస్తే, సన్న రకం ఒక్క చుట్ట మిగిలిందన్నాడు.

శుక్రవారం ఉదయం విజయవాడ స్టేషన్లో బందరు ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్కనే సీటు దొరికింది. ఇడ్లీ ఇంటి నుంచే తీసుకెళ్ళాం. గుడివాడలో దిగాల్సిన కూరగాయలావిడ మా ఎదురుగా కూర్చుని, ఎందుకు వెళ్తున్నామో ఆరా తీసింది.

"చాప పడవా? మా తాత నడిపేవోడు. అయ్యి నడిపేవోళ్ళంతా పోయారు కదమ్మా!"

"మేమింకా పోలేదులే" అంది రాజ్యం.

ఆవిడ నవ్వి, దిగేటప్పుడు మా సంచిలో రెండు వంకాయలు పడేసింది.

బందరు స్టేషన్ నుంచి హార్బరుకి ఆటోకి నూట యాభై అడిగారు, నూట ఇరవైకి వచ్చారు. మేం చేరేసరికి పదిన్నర దాటింది. నాంచారయ్యకి యాభై ఏళ్ళుంటాయి. పాత తీగల్ని సిమెంటు గచ్చు మీద పరిచి చూశాడు.

"ఈ వయసులో చాప పడవేంటమ్మగారూ? చిన్న ఇంజను పెట్టుకోక!"

"ఇంజను చప్పుడుకి మేం ఒకరి మాట ఒకరికి వినపడక కొట్టుకుంటాం" అంది రాజ్యం.

"వినపడితే కొట్టుకోరా?"

"అప్పుడూ కొట్టుకుంటాం. కానీ దేనికో తెలుస్తుంది."

అందరం నవ్వాం. కానీ అతను కత్తెర తీయలేదు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ వేళలో పడవ వైరుకి కత్తెర పెట్టడం ఆ ఒడ్డున ఎవరూ చెయ్యరట. నేను ఫిజిక్స్ చెప్పినదాన్ని, వాదించబోయాను. రాజ్యం నా మోచెయ్యి గిల్లింది. రెండింటి రైలుకి తిరుగు ప్రయాణం అనుకున్నాం. రైల్లో అయితే తీగల చుట్టని కొక్కేనికి తగిలించి తెచ్చుకోవచ్చని నా ఆలోచన. రాహుకాలం దాటేదాకా ఆగడంలోనే గంటన్నర పోయింది. ఆ టైములో దగ్గర్లో ఉన్న మెస్సులో భోజనం చేశాం. పప్పు బాగుంది, మజ్జిగ నీళ్ళు.

పన్నెండు దాటాక పని మొదలుపెట్టాడు. తీగ కొసని చిన్న ఉక్కు రింగు చుట్టూ వంచి, పురులు విప్పి, ఒక్కొక్క పురినీ తిరిగి తీగలోకే అల్లాడు. మూడు తీగలకి ఆరు కొసలు. అంతా అయ్యాక అతని భార్య వచ్చి, ఒక్కో కొసకీ పసుపు రాసి బొట్టు పెట్టింది. అప్పటికి మూడు కావస్తోంది. రైలు వెళ్ళిపోయింది.

నాంచారయ్య మూడింటినీ కలిపి పెద్ద చుట్టగా చుట్టి నా చేతికిచ్చాడు. "గుండ్రంగానే తీసుకెళ్ళండమ్మా. ఒక్క మడత పడిందంటే అక్కడ తీగ చచ్చిపోయినట్టే. నా దగ్గర ఇంక మూర కూడా లేదు."

బందరు బస్టాండులో విజయవాడ ఎక్స్‌ప్రెస్ బస్సు దొరికింది, నిండా జనం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు, అందుకే ఆ రద్దీ. ముగ్గురు కూర్చునే సీటులో రాజ్యం, నేను, మా మధ్య నిలబెట్టిన చుట్ట. వెనక సీట్లోని బట్టతలాయన ముందుకి వంగాడు.

"చక్రం తెచ్చుకున్నారు, మిగతా సైకిల్ ఏదండీ?"

పామర్రు దాకా రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను.

పామర్రులో బస్సు పది నిమిషాలు ఆగింది. నేను బాత్రూముకి వెళ్ళక తప్పలేదు. "ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని రాజ్యానికి చెప్పి దిగాను.

తిరిగొచ్చేసరికి మా మధ్య ఒక నిండు గర్భిణి కూర్చుని ఉంది. చుట్ట లేదు. బట్టతలాయన సంతోషంగా సీటు కిందకి చూపించాడు.

"చూడండి ఎంత బాగా సర్దానో! రెండుగా మడిచి, తువ్వాలుతో బిగించి, కాలితో నొక్కేశాను. ఈవిడ గారు ఓ పక్క పట్టుకున్నారు."

పట్టుకున్న ఈవిడ గారు రాజ్యం. నవ్వుతూ నా వైపు చూసి, మడత సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఆ నవ్వు ఆపేసింది.

తువ్వాలు విప్పాను. మూడు తీగలూ రెండేసి చోట్ల మడతలు పడ్డాయి. మడత దగ్గర పురులు విడిపోయి, లోపలి సన్న తీగలు బయటికొచ్చాయి. బట్టతలాయన, "దానిదేముందండీ, లాగేస్తే సాఫవుతుంది" అంటూ మోకాలికి ఆనించి వంచాడు. ఇంకో రెండు పురులు లేచాయి.

"నెలలు నిండిన పిల్లే, నిలబెట్టమంటావా?" అంది రాజ్యం.

"నిలబెట్టమన్లేదు. నన్ను పిలవొచ్చుగా."

"బాత్రూములో ఉన్నదాన్ని ఎలా పిలుస్తానే?"

నాంచారయ్యకి ఫోను చేశాను. ఎన్ని మడతలని అడిగాడు. ఆరని చెప్పాను. "కట్టకండమ్మా. గట్టి గాలొస్తే తెగి కొయ్య మీ మీదే పడుద్ది. ఆ రకం వైరు మళ్ళీ తెప్పించాలంటే నెల పట్టుద్ది."

ఆ అమ్మాయి మాటలన్నీ వింటోంది. "నా వల్లేనా అమ్మమ్మా?" అంది.

"కాదమ్మా. నువ్వు కూర్చో."

కంకిపాడులో రాజ్యం చెయ్యిచ్చి ఆ అమ్మాయిని దింపింది. తిరిగొచ్చి కూర్చున్నాక అడిగింది. "నైలాన్ తాడు కడితే?"

"సాగుతుంది. కొయ్య నిలవదు."

"ఆదివారం ఒక్కరోజుకైనా?"

"ఆదివారం సుధీర్ ఒడ్డున ఉంటాడు రాజ్యం. నీళ్ళలో ఉండేది మనం."

ఎవరైనా ఇలాంటి పని మీద బందరు వెళ్తే శుక్రవారం పొద్దున వెళ్ళకండి, తిరిగి రైల్లోనే రండి. నాంచారయ్య పని మంచిది, తీసుకున్న కూలీ న్యాయమైనది. రోజంతా మాకు చెడ్డమనిషి ఒక్కరు కూడా తగల్లేదు. అదే నాకు మింగుడుపడటం లేదు. ఎవర్నైనా తిట్టుకుంటే కాస్త తేలికపడేదాన్ని. బట్టతలాయన పటమట దగ్గర దిగుతూ, తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, మాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

బెంజిసర్కిల్ దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయింది. చీకటి పడింది. నేను సుధీర్‌కి ఫోను చేసి, పడవ ఇక నడవదని చెప్పాను.

"ఆదివారం దాకా టైముందిగా మేడం?"

"అక్కర్లేదు బాబూ. రేపే పాత సామాన్లవాడికి ఇచ్చేసెయ్."

రాజ్యం నా చెయ్యి పట్టుకుంది. "కొయ్య మాత్రం కోయించొద్దని చెప్పవే. అది మనకి ఇచ్చెయ్యమను."

చెప్పాను. అలాగేనన్నాడు. అది పద్దెనిమిది అడుగుల కొయ్య. మూడో అంతస్తులో ఉన్న మా రెండు గదుల ఫ్లాటులో దాన్ని ఎక్కడ పెడతామని రాజ్యాన్ని నేను అడగలేదు.