వంకర గీత

ఐలి నలభై ఏళ్లు కుట్టుపని చేసింది. ఊళ్లో సగంమంది పెళ్లి గౌన్లు ఆమె చేతిమీదుగా వచ్చినవే. కొలతలో దారమంత తేడా ఉన్నా ఆ కళ్లు పట్టేస్తాయి. అలాంటి మనిషికి కూడా తన వీపు తనకు కనపడదు. మచ్చలు వచ్చింది సరిగ్గా అక్కడే, నడుముకు కాస్త పైన.

పొడి చర్మమన్నారు, ఎగ్జిమా అన్నారు. ఏ పూత పూసినా కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చేది. పదేళ్ల తర్వాత కువోపియో పట్నంలోని ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షించిన డాక్టరమ్మ ఉన్నమాట చెప్పింది.

"ఇప్పటికిది క్యాన్సర్ కాదు. చాలామందికి ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుంది. కొందరికి మాత్రం చర్మంలో లింఫోమా అనే క్యాన్సర్‌గా మారుతుంది. ఆర్నెల్లకోసారి చూపించుకోండి. పెరిగినా, మందమైనా ఆ గడువు చూడకుండా వచ్చెయ్యండి."

"నా వీపు సంగతి నాకెలా తెలుస్తుంది?" అంది ఐలి.

"నేనున్నాగా," అన్నాడు పక్కనే ఉన్న మొగుడు తౌనో.

అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి శనివారం, ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో పొయ్యి రాజేసి, గది వేడెక్కేలోగా ఐలి బల్లమీద బోర్లా పడుకునేది. ఫోన్ ఫొటోలో కొలత తెలియదని ఆమె పట్టు. అందుకని తౌనో రొట్టెలు కాల్చే పల్చటి కాగితం ఆమె వీపు మీద పరిచి, పెద్ద మచ్చ అంచు వెంట పెన్సిల్ పోనిచ్చేవాడు. రంపపు మిల్లులో అరిగిపోయిన చేతులవి, వణుకుతాయి.

"చక్కిలిగింతలు పెట్టకు, ముసలోడా!"

"కదలకే, కాగితం మీద ఈ సరస్సు కాస్తా సముద్రమైపోతుంది!"

నాలుగో ఏడు డిసెంబరులో ఆ కాగితాల్ని ఐలి వరసగా సర్దుతూ, ఎందుకో చివరి నాలుగూ కిటికీ అద్దానికి ఆనించి చూసింది. నాలుగింటిలోనూ ఒకటే గీత. సెప్టెంబరులో పెన్సిల్ ఎక్కడ జారిందో, మిగతా మూడు నెలలూ అక్కడే జారింది.

 ఆ కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

"ఇవి నా వీపు మీద గీసినవి కావు, తౌనో. సెప్టెంబరుది కింద పెట్టి దిద్దావు."

తౌనో కాఫీ కప్పు కింద పెట్టాడు. తలెత్తలేదు.

"పెరిగింది, ఐలీ. ఒక పక్క బొటనవేలంత. కాస్త గట్టిపడింది కూడా. గీస్తే నిజమైపోతుందని భయమేసింది."

"గీయకపోతే ఆగిందా? మూడు నెలలు! నా ఒళ్లు నాకే దాచిపెడతావా?"

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. అయితే ఆ డెబ్బై ఏళ్ల మనిషి గడ్డం వణకడం చూశాక తిట్టడానికి నోరు రాలేదు. వెళ్లి అతని తల తన పొట్టకు ఆనించుకుంది.

"మూడు నెలలు ఒక్కడివే మోశావా, పిచ్చోడా? పద, కాగితం తీసుకురా."

ఆ సాయంత్రం గీసిన గీత పాతదాన్ని దాటి బయటికి పోయింది. సోమవారం ఐలే ఆసుపత్రికి ఫోన్ చేసింది. మళ్లీ ముక్క తీశారు. లింఫోమాగా మారింది, కానీ ఇంకా తొలిదశేనని, చర్మం దాటి పోలేదని డాక్టరమ్మ చెప్పింది. వారానికి మూడుసార్లు కాంతి చికిత్స మొదలుపెట్టారు. మంచులో కారు నడిపి తీసుకెళ్లే పని తౌనోది. దారిపొడుగునా అతని డ్రైవింగుకు వంకలు పెట్టే పని ఐలిది.

మార్చిలో మొదటి శనివారం తౌనో గీయడం ముగించి కాగితం ఆమె చేతికిచ్చాడు. ఐలి దాన్ని డిసెంబరులో మళ్లీ గీసిన కాగితం మీద పెట్టి కిటికీకి ఆనించింది. కొత్త గీత పాత గీతకు లోపలే ఉంది, చుట్టూరా.

ఆమె వెంటనే సంతోషపడలేదు. కళ్లజోడు పెట్టుకుని ఆ గీత వెంట మెల్లగా వేలు పోనిచ్చింది. అడుగడుగునా వంకరే. పాత కాగితాల్లోని వంకర ఒక్కటి కూడా ఇందులో లేదు.

"ఎంత ఘోరంగా గీశావు, తౌనో," అంటూ ఐలి వెక్కివెక్కి ఏడ్చింది.