నాలుగు రాళ్ల నడుమ కప్పపిట్ట

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. కాజీపేటలో ఇద్దరు ముగ్గురికి చెప్పి చూశాను. పోలేదు.

నర్సంపేట దగ్గర మా అక్కకు రెండెకరాల పత్తి చేను ఉంది. బావ పోయినప్పటి నుంచి ఒక్కతే. ఎండాకాలం పత్తికట్టె కాల్చే రోజు రైల్వే డ్యూటీకి సెలవు పెట్టి నేను సాయం వెళ్లేవాణ్ని.

ఆ చేనులో ఏటా ఒక కప్పపిట్ట గుడ్లు పెట్టేది. ముక్కు చూస్తే గోరంత, నోరు తెరిస్తే కప్ప నోరు, చుట్టూ మీసాలు. పొద్దుగూకితే లేచి, ఎగురుతూనే పురుగుల్ని మింగేది. దాని కూత, గోలీ బండమీద పడి గెంతుతూ పోయినట్టు, చుక్ చుక్ చుక్‌ర్ర్ర్. అది విన్నాకే అక్క కంచంలో అన్నం పెట్టుకునేది. పగలంతా ఎండుటాకు రంగులో, కళ్లు సగం మూసుకుని నేలమీదే కూర్చుంటుంది. గూడు కట్టదు, మట్టిమీదే గుడ్లు పెడుతుంది. కాలు మీద పడేదాకా లేవదు. తానెవరికీ కనబడనని దాని నమ్మకం, పిచ్చిది.

అందుకే నిప్పు పెట్టేముందు ఇద్దరం మోకు చెరో కొస పట్టుకుని చేనంతా ఈడ్చేవాళ్లం. పిట్ట లేచిన చోటు చుట్టూ పదేసి అడుగుల దూరంలో అక్క నాలుగు రాళ్లు పెట్టేది. ఆ నడుమ కట్టెంతా బయటికి లాగేసేవాళ్లం.

ఈ ఏడు అక్క జ్వరంతో వరంగల్ దవాఖానలో పడింది. నేనొక్కణ్నే వెళ్లాను. సాయంత్రం డ్యూటీ ఉంది, ఒక్కడితో మోకేం ఈడుస్తాం అనుకున్నాను. కట్టెలో అక్కడొకటి ఇక్కడొకటి రాళ్లు కనిపిస్తే, నాగలికి అడ్డమని ఏరి గట్టుమీద పడేశాను. పెద్ద పనిమంతుణ్ని కదా! నిప్పు పెట్టాను. ఏదీ ఎగరలేదు. ఏమీ లేదులే అనుకున్నాను.

మర్నాడు దవాఖానలో అక్క మొదట అడిగింది అదే.

"నాలుగు రాళ్ల నడుమ అగ్గి తగలలే గద తమ్మీ?"

"ఏ రాళ్లక్కా?"

"జరమొచ్చినా నేనే పెట్టిన గదరా. మోకు కొస గుంజకు కట్టి, ఒక్కదాన్నే తిరిగిన. రెండు గుడ్లున్నయి. కట్టె బయటికి గుంజ శాతగాలే. నువ్వొస్తవ్ గద అని ఊకున్న."

"తగలలేదక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

మూడో రోజు ఆటోలో తీసుకొచ్చాను. అక్క ఇంట్లోకి పోలేదు, చేనులోకి పోయింది. బూడిదలో ఒకచోట వంగి చూసింది. నేను చూడలేకపోయాను. గట్టుమీద నుంచి తన నాలుగు రాళ్లు వెతికి, ఒక్కొక్కటే తెచ్చి మళ్లీ అక్కడే పెట్టింది. నన్ను తిడితే ఏడ్చేవాణ్ని.

పొద్దుగూకింది. నేనే అన్నం వండి కంచం ముందుపెట్టాను.

"తిను అక్కా, జ్వరం గోలీలు వేసుకోవాలి."

"జర ఆగు తమ్మీ" అంది చేను వైపు చూస్తూ. "ఇంకా కూయలే."