తాడు రెండో కొస

మా వీధిలో ఎవరికైనా సామి పట్టిందంటే, చెంబుడు నీళ్ళు ముఖాన కొట్టి, అప్పటికీ ఊగుతుంటే చెంప మీద ఒకటి అంటించే మనిషిని నేను. దెయ్యం, గాలి, దిష్టి, ఇవన్నీ పని లేనివాళ్ళ కబుర్లనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకోవాలని ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను ఎక్కడైనా పొరపడి ఉంటే చదివినవాళ్ళే చెప్పాలి.

మాది రాజపాళయం. పక్కనే ఉన్న సత్రపట్టిలో ఆస్పత్రులకు పంపే కట్టుగుడ్డ నేసే చోట, ఆ గుడ్డను చుట్టలు చుట్టి పెట్టెల్లో సర్దడం నా పని. మా ఆయన గురుసామి నూలు మిల్లులో పనిచేస్తాడు, ఎక్కువగా రాత్రి షిఫ్టు. ఇంట్లో మూడో మనిషి మా ఆయన చెల్లెలు సెల్వి. ఇరవై నాలుగేళ్ళు. నాలుగో ఏట జ్వరం వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అత్తమామలు లేరు కాబట్టి పెళ్ళయిన రోజు నుంచి ఆమెను చూసుకునేది నేనే.

సెల్వి పరిగెడుతుంది. మా పెళ్ళికి ముందు మదురైలో చూపులేని పిల్లల బడిలో చదివేటప్పుడు నేర్చుకుంది. చూపులేనివాళ్ళు పరిగెత్తాలంటే పక్కన చూపున్న మనిషి ఒకరు ఉండాలి. ఇద్దరి చేతుల మధ్య మూరెడు తాడు ఉంటుంది. ఆ తాడు కూడా నేనే చేశాను. కట్టుగుడ్డను మూడు పాయలుగా అల్లి, రెండు కొసలకూ మణికట్టు పట్టేంత ఉచ్చులు పెట్టాను.

ఈ పనికి నియమం ఒక్కటే. చూపున్న మనిషి ఎప్పుడూ లాగకూడదు. గుంత వస్తే గుంత అని చెప్పాలి, మలుపు వస్తే మలుపు అని చెప్పాలి, అంతే. లాగితే పక్క మనిషి పడిపోతుంది. మా ఆయనకు పది నిమిషాలు పరిగెత్తితేనే ఆయాసం, అందుకని ఆ పని కూడా నా నెత్తినే పడింది. రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా తాడు లాగలేదు.

ఇదంతా జరిగిన వారం ఆదివారం మదురైలో సగం మారథాన్ ఉంది. ఇరవై ఒక్క కిలోమీటర్లు. చూపులేనివాళ్ళలో రెండున్నర గంటల లోపు ముగించిన వాళ్ళను చెన్నైలో ఒక శిక్షణ హాస్టల్లో ఉచితంగా చేర్చుకుంటారని సెల్వి పాత మాస్టారు ఫోన్లో చెప్పారు. తిండి, బట్ట, తర్వాత ఉద్యోగం దొరికే దారి కూడా ఉందట. సెల్వికి అంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆమె బాగుపడాలని నాకు నిజంగానే ఉంది. ఆమె ఇంట్లోంచి వెళ్ళాలని కూడా అంతే గట్టిగా ఉంది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా నా ఇంట్లో నేనూ మా ఆయనా ఇద్దరమే ఉన్న రోజు ఒక్కటి లేదు. అందుకే సోమవారం పొద్దున ఒళ్ళు నొప్పులతో లేచినప్పుడు ఎవరికీ చెప్పలేదు. జ్వరం మాత్ర ఒకటి మింగి తాడు తగిలించుకున్నాను.

ఆఖరి వారం తక్కువ పరిగెత్తమని మాస్టారు చెప్పారు. నేను వినలేదు. ఆమెకు ఇంకో ఏడెనిమిది నిమిషాలు తగ్గాలి మరి. రోజూ అయిదుకు బయలుదేరి సేత్తూరు రోడ్డు మీద కొబ్బరితోటలు దాటేదాకా పోయి తిరిగి వచ్చేవాళ్ళం. మంగళవారానికి చలి మొదలైంది. పళ్ళు టకటకమంటున్నా బిగపట్టి పరిగెత్తాను.

బుధవారం నాకు పిచ్చి కోపం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, మోకాళ్ళు విరిగిపోతున్నాయి, పక్కన ఈ పిల్ల ఉత్సాహంగా నవ్వుకుంటూ పరిగెడుతోంది. మనసులో తిట్టడం మొదలుపెట్టాను. అడుగుకో మాట. పడు. పడి కాలు విరగ్గొట్టుకో. నీ కళ్ళకు ఎన్నాళ్ళు కూలి చెయ్యాలి. ఈ రోడ్డు మీదే నిన్ను వదిలేసిపోతే ఎవరు ఎత్తుకొస్తారు. అలా కిలోమీటర్ల కొద్దీ సాగింది. పెదవి కదపలేదు, అది మాత్రం ఒట్టు పెట్టి చెబుతాను.

అన్నిటికంటే అడుగున ఇంకో మాట ఉంది. మూడేళ్ళ కిందట సెల్వి బావి దగ్గర జారిపడి కాలు బెణికితే, నేనే ఎత్తుకుని ఆటో దాకా మోశాను. అప్పుడు నాకు రెండో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. రెండు రోజుల తర్వాత అది పోయింది. నెలసరి ఎక్కువైందని అబద్ధం చెప్పి, తళవాయిపురం బస్సెక్కి అక్కడి నర్సమ్మ దగ్గరికి ఒక్కదాన్నే పోయి వచ్చాను. ఈ సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా బిడ్డను నువ్వే చంపావు అని ఆ బుధవారం ఆమె పక్కన పరిగెడుతూ మనసులో అన్నాను.

గురువారం మొదటి దెబ్బ తగిలింది. కల్వర్టు దగ్గర తాడు ఒక్కసారి బిగుసుకుంది. మేమిద్దరం దగ్గర దగ్గరగానే ఉన్నాం, తాడు వదులుగానే వేలాడుతూ ఉండాలి. ఎవరో మధ్యలో పట్టుకుని గుంజినట్టు సెల్వి ముందుకు ఎగిరి రోడ్డు మీద పడింది. గడ్డం చిట్లి రక్తం కారింది.

“ఏంటికి లాగినావు వదినె?” అంది.

“నేను ముట్టుకోలే! నీ కాళ్ళు చూసి పెట్టు!” అని అరిచాను. చూపులేని పిల్లతో ఆ మాట అన్నాను. ఆమె గడ్డం తుడుచుకుని లేచి మిగతా దూరం పరిగెత్తింది.

శుక్రవారం నేను లేవలేకపోయాను. నాలుగున్నరకు అలారం మోగితే లేచి, దొడ్డి దాకా పోయి అక్కడే కూలబడ్డాను. మా ఆయన మిల్లులో ఉన్నాడు. పక్కింటి ముత్తమ్మత్త నీళ్ళు తోడుకోవడానికి వచ్చి నన్ను చూసింది. రెండు ఇళ్ళకూ దొడ్డి ఒకటే. “ఏమే, కాయ్చల్ వచ్చి ఒళ్ళు ఇట్ట కాలతా ఉండాది, ఒక్క మాట చెప్పేదానికి లే?” అని తిడుతూనే నన్ను తన ఇంట్లోకి మోసుకుపోయి తడిగుడ్డ వేసింది. అయిదున్నరకు ఆటో పిలిచి డాక్టరమ్మ దగ్గర చేర్చింది. సెల్వి నిద్రపోతూ ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. వీధి వైపు తలుపు ఎవరూ చూడలేదు.

సెలైన్ ఎక్కించడానికి నర్సు నా ఎడమ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. మణికట్టు చుట్టూ తోలు లేచిపోయి ఎర్రగా గాజులా ఒక గుర్తు ఉంది. ఎవరు కట్టేశారని అడిగింది. నాకే తెలియదన్నాను. ముందు రోజు సాయంత్రం స్నానం చేసినప్పుడు ఆ గుర్తు లేదు. ఆమె కుడి చేతికి సూది గుచ్చింది. అప్పుడు టైము ఆరు ఇరవై. ఆ టైము రాసిన ఆస్పత్రి చీటీ ఇంకా నా దగ్గర ఉంది.

ఇప్పుడు రాసేది సెల్వి చెప్పింది.

ఆమె రోజూ లాగే అయిదుకు ముందే తయారై, ఒక ఉచ్చు తగిలించుకుని వీధి గడప మీద కూర్చుంది. వదినె వచ్చింది. ఏమీ మాట్లాడకుండా రెండో ఉచ్చు తగిలించుకుంది. చెయ్యి నిప్పులా ఉంది. మలుపు దాటగానే పరుగు అందుకుంది. గుంత చెప్పలేదు, స్పీడ్ బ్రేకర్ చెప్పలేదు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే సెల్వి బోర్లా పడింది. లేవకముందే వదినె తాడు పట్టుకుని ఈడ్చింది. మోకాళ్ళు రోడ్డుకు గీసుకుపోతుంటే అలాగే కొంత దూరం ఈడ్చుకుపోయింది.

సెల్వి అరిచింది. మూతి మీద గుద్దు పడింది. కింది పెదవి పంటికి కోసుకుపోయింది. ఉచ్చు విప్పుకోవాలని చూస్తే చెయ్యి మెలిపెట్టింది. రోడ్డు దిగి సీమతుమ్మ ముళ్ళలోంచి పరిగెత్తించింది, మళ్ళీ రోడ్డెక్కించింది. ఆగితే నడుం మీద తన్నింది. కల్వర్టు గోడకు తీసుకుపోయి భుజం పట్టుకుని రెండుసార్లు కొట్టింది. ఇంతసేపూ చిన్న గొంతుతో, అడుగుకో మాట చొప్పున ఏదో అంటూనే ఉంది. తర్వాత ఉన్నట్టుండి తాడు వదులైంది. పక్కన ఊపిరి కూడా వినిపించలేదు.

పాలు పోసే మారిముత్తు ఆమెను చూసి తన బండి మీద ఇంటికి తెచ్చాడు. ఆరున్నర అవుతోందని అతను చెప్పాడు, ఎందుకంటే ఆ టైముకు టీ కొట్టుకు పాలు పొయ్యాలి. అతను ఇంకో మాట కూడా చెప్పాడు. అంతకుముందు తాను అటు పోయేటప్పుడు కూడా మమ్మల్ని చూశాడట, ఇద్దరినీ. “మీరే కదా అక్కా, బండి లైటు వేసినా పక్కకు జరగలే” అన్నాడు తర్వాత నాతో. నేను అక్కడ లేనని ముత్తమ్మత్త అతనితో పోట్లాటకు దిగింది. పాపం అతను తాను చూసింది తాను చూశానన్నాడు, అంతే.

మధ్యాహ్నం నన్ను ఇంటికి తెచ్చారు. సెల్విని చూశాను. ముఖమంతా వాచి ఉంది, రెండు మోకాళ్ళకూ కట్లు ఉన్నాయి. నేను నుదురు ముట్టుకోబోతే మంచం మీద గోడ దాకా జరిగిపోయి, చేతులు అడ్డం పెట్టుకుంది. ఎనిమిదేళ్ళు నేను తల దువ్విన పిల్ల అది. నాకు ఏడుపు ఆగలేదు.

“అన్నా, వదినె కొట్టింది,” అని మా ఆయనతో అంది.

మా ఆయన చీటీ చదివి వినిపించాడు. ముత్తమ్మత్త తన పిల్లల మీద ఒట్టు పెట్టింది. సెల్వి అంతా విని ఒక్కటే చెప్పింది. వదినె ఎడమ కాలు కొంచెం ఈడ్చి వేస్తుంది, ఊపిరి రెండు అడుగులకు ఒకసారి తీస్తుంది, అది ఇంకెవరిదీ కాదు అంది. నేను ఎడమ కాలు ఈడుస్తానని అప్పటిదాకా నాకే తెలియదు. దొడ్డిలో నడిచి చూసుకున్నాను. నిజమే.

పోలీసులకు చెప్పాలా అని మా ఆయన అడిగాడు. ఎవరి మీద చెప్పాలి?

శనివారం సాయంత్రం మా ఆయన మందులకు పోయినప్పుడు సెల్వి తనంతట తానే నన్ను పిలిచింది. తలుపు దగ్గరే నిలబడ్డాను.

“నువ్వు ఆస్పత్రిలో ఉన్నేవని అందరూ చెప్తా ఉండారు. సరి, నమ్మతా. ఒకటి మాత్రం చెప్పు వదినె. ఆ పొద్దు నన్ను ఎత్తినందుకా నీ కడుపులో బిడ్డ పోయినాది?”

 అలా ఎవరు చెప్పారని అడిగాను.

“నువ్వే. నిన్న, కల్వర్టు కాడ. ఇంకా చానా చెప్పినావు. అన్నకు అదంతా నేను చెప్పలే.”

“లేదు పాపా, అట్టాంటిది ఏమీ లే,” అన్నాను.

 “అబద్ధం చెప్పేటప్పుడు నీకు ఊపిరి నిలిచిపోతుంది వదినె,” అంది. ఆ తర్వాత దుప్పటి మీదికి లాక్కుంది.

ఆదివారం మదురై పోలేదు. మోకాళ్ళు మానడానికి మూడు నెలలు పట్టింది, అప్పటికి హాస్టల్లో చోట్లు నిండిపోయాయి. సెల్వి ఇప్పుడు కూడా మా ఇంట్లోనే ఉంది. పరుగు మానేసింది. ఆమె కోసం అప్పుడు ఎవరు వచ్చారో, నా అడుగు, నా ఊపిరి, నా కడుపులో మాట దానికి ఎలా దొరికాయో నాకు తెలియదు. జ్వరంలో నేనే లేచి పోయానా అంటే, ముత్తమ్మత్త నా తల పక్కనే కూర్చుని ఉంది. నేను కాదా అంటే, ఆ మాటలన్నీ నావే.

ఇప్పుడు మా మధ్య మామూలుగానే మాటలు నడుస్తాయి. అన్నం పెడితే తింటుంది, కూర బాగుందంటుంది. కానీ రోజూ పొద్దున గది తలుపు గడియ తీసే ముందు లోపల్నుంచి “వదినె” అని పిలుస్తుంది. నేను వంటింట్లోంచి పలుకుతాను. అప్పుడు వీధి గుమ్మం వైపు తిరిగి ఇంకోసారి పిలుస్తుంది. ఎందుకే రెండుసార్లు అని మా ఆయన నవ్వుతాడు. నేను పొయ్యి తగ్గించి, చేతిలో గరిటెతో కదలకుండా నిలబడతాను. ఇంతవరకు అటు నుంచి ఎవరూ పలకలేదు.