పామాయిల్ తోటలో విన్న చప్పుడు

ఆ ఉదయం పామాయిల్ తోటలో నేను విన్న చిన్న చప్పుడు ఏమిటి? తొమ్మిదేళ్ళుగా మోస్తున్న ప్రశ్న ఇది. జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషి, సింగపూర్ యూ టీ పేటలో మా ఎదుటి ఫ్లాట్ అంకుల్, పోయిన మంగళవారం చనిపోయారు. లిఫ్ట్ దగ్గర ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "పొద్దున టీ తాగేడమ్మా. కప్పు కడిగి బోర్లించేడు. అంతే," అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది, ఇక అడగడానికి ఎవరూ లేరని. అలా అనిపించినందుకు సిగ్గు తర్వాత వచ్చింది.

అంకుల్ మలేసియా రబ్బరు తోటల్లో పుట్టారు. తాతల నాటి ఉత్తరాంధ్ర తెలుగులో మలాయ్ కలిపి మాట్లాడేవారు. పని కోసం సింగపూర్ వచ్చి చాలా ఏళ్ళు లారీ నడిపారు. లైసెన్సున్న తుపాకీ మాత్రం సరిహద్దు అవతల, మలేసియా జొహోర్‌లో తమ్ముడింట్లో, తాళం వేసిన పెట్టెలో ఉండేది. ఏటా ఒకసారి అడవికోడి వేటకు అక్కడికి వెళ్ళేవారు.

మేము ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన కొత్తలో నాకు అన్నిటికీ భయమే. ఆఫీసు నుంచి ఫోనొస్తే భయం, లిఫ్ట్ రెండు క్షణాలు ఆగితే భయం. ఒక పొద్దున బ్లాక్ కింద పొదల దగ్గర అంకుల్ చెయ్యెత్తి నన్ను ఆపేశారు.

"కదలకమ్మా. పెలన్, పెలన్. నెమ్మదిగా సూడు. కాళ్ళు బూడిద రంగు, తోక మొదట్లో తెల్ల బొచ్చు. ఇది ఎవుడో పెంచిన కోడి కాదు, అడివిది."

నడిచి వెళ్ళేవాళ్ళ మధ్య, ఎవరికీ పట్టని ఆ పుంజు ఆకులు గీరుకుంటోంది. ఆ క్షణంలో నాకు దేని గురించీ భయం లేదని తర్వాత గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఆదివారాలు ఆయన వెంట తిరిగాను. కోళ్ళు ఏ చెట్టెక్కి పడుకుంటున్నాయో కింద రెట్ట చూసి చెప్పేవారు. మట్టిలో అవి పొర్లాడిన గుంటలు చూపించేవారు. "సింగపూర్‌కి వసంతం నేదంటారు. కోడినడుగు, ఉగాదెప్పుడో అదే సెబుతాది," అనేవారు. నిజమే, ఆ నెలల్లోనే పుంజులు ఎక్కువ కూసేవి.

ఆయన దగ్గర ఒక పాత తువ్వాలు ఉండేది. రెండంచులూ పట్టుకుని వదులు చేసి ఒక్కసారి బిగలాగితే ఫట్ ఫట్‌మని, అచ్చం కూతకు ముందు పుంజు రెక్కలు కొట్టిన చప్పుడు. వేరే పుంజు వచ్చిందనుకుని పొదల్లోంచి జవాబు వచ్చేది. ఇక్కడ పట్టుకోవడం నేరం కాబట్టి జవాబు విని నవ్వుకునేవాళ్ళం, అంతే. మా అమ్మాయి కారిడార్‌లోంచి సింగపూర్ ఇంగ్లీషులో అరిచేది: "అమ్మా, అంకుల్ టాకింగ్ టు చికెన్స్ అగైన్ లా."

వేట గురించి ఆయన రెండే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. "సప్పుడికి గురి పెట్టకూడదు. మెడ, కాళ్ళు, తోక, మూడూ కనపడాల." రెండోది, "తాకుత్ నేనోడి సేతికి తుపాకీ ఇయ్యకూడదు." తాకుత్ అంటే భయం. నా భయానికి కూడా ఒక ఉపయోగం ఉందని చెప్పిన మొదటి మనిషి ఆయన. అందుకే కాబోలు, నన్నూ వేటకు తీసుకెళ్ళమని అడిగాను.

తమ్ముడి పామాయిల్ తోట అడవి అంచున ఉంది. తెల్లవారాక ఒక చెట్టు మొదట్లో నన్ను కూర్చోబెట్టి, తువ్వాలు నా చేతికిచ్చారు. "ఇక్కడే కూకో. నాను అటు తిరిగొస్తను. సప్పుడు సెయ్యకు."

ఆయన వెళ్ళాక ఎటు చూసినా ఒకేలాంటి చెట్లు, పొగమంచు. నా వెనక ఆకుల్లో ఏదో బరువుగా కదిలింది. అడవిపంది అనుకున్నాను. కేక వేస్తే వేట పాడవుతుందని, నేను ఎక్కడున్నానో ఆయనకు తెలియాలని, తువ్వాలు ఫట్‌మనిపించాను. ఆ తోటలో ఆ చప్పుడుకు ఉన్న అర్థం ఒక్కటే.

ఆకుల మధ్య తుపాకీ గొట్టం నా వైపు తిరిగింది. దాని వెనక అంకుల్ ముఖం సగం. టిక్ మని వినిపించింది. గొట్టం కిందికి దిగింది.

ఆయన దగ్గరకు వచ్చి, తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నారు. "సూసేనమ్మా. నిన్ను సూసేకే దించేను. సేఫ్టీ ఏసిన సప్పుడది."

నేను చప్పుడు గురించి అడగలేదు.

సేఫ్టీ అంటే ట్రిగ్గర్ కదలకుండా ఆపే మీట. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే అలాగే టిక్ మంటుందని తర్వాత చదివాను. అలాంటి తూటా వెనక భాగంలో చిన్న గుంట పడుతుందట.

ఆ నెలలోనే ఆయన తుపాకీ పోలీసులకు అప్పగించేశారు. ఆదివారాలు మాత్రం ఆగలేదు. నాకొక గులాబీ రంగు టోపీ కొనిచ్చారు. "కోడికి నేని రంగు," అన్నారు. ఫ్లాట్ల మధ్య కోళ్ళు చూడటానికి ఆ టోపీ ఏమిటని ఆంటీ నవ్వితే, ఆయన నవ్వలేదు. ఎప్పుడూ నాకు ముందే నడిచేవారు, పది అడుగులకోసారి వెనక్కి తిరిగి టోపీ కనబడుతోందో లేదో చూసుకుంటూ. ఎన్నో ఆదివారాలు అడుగుదామని నోరు తెరిచి, పిట్టల గురించి ఏదో అడిగాను.

దహనం అయ్యాక తమ్ముడు నన్ను పక్కకు పిలిచారు. "అన్న ఆ రోజుది ఒక్క తూటా డబ్బాలో దాసేడమ్మా. అప్పుడే ఇచ్చేయాల్సింది, ముట్టనివ్వనేదు. 'నాను పోతే ఆ పిల్ల సూత్తానంటే సూపించు, నేదంటే పోలీసులకిచ్చేయ్' అన్నాడు. వచ్చే శనివారం జొహోర్‌లో ఇచ్చేస్తను. వస్తావేటి?"

"మీరు చూశారా?"

"డబ్బా తెరవనేదు. నాకెందుకు?"

తూటాకు గుంట లేకపోతే, నిజం చెప్పిన మనిషిని తొమ్మిదేళ్ళు అనుమానించాను. ఉంటే, నా మీద ట్రిగ్గర్ నొక్కిన మనిషే, ఒక్క అబద్ధమాడి, మిగతా ఆదివారాలన్నీ నన్ను వెనక్కి తిరిగి చూసుకుంటూ గడిపారు. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ భయపడుతున్నానో నాకే తెలియదు. చూపించమన్నది నా కోసమా, తన కోసమా, అదీ తెలియదు.

ఈ ఉదయం కింద పుంజు రెక్కలు కొట్టింది. ఆరేయబోతున్న తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది, కదలకుండా నిలబడ్డాను. అది కూసి, వెళ్ళిపోయింది. బల్ల మీద పాస్‌పోర్టు తీసి పెట్టి ఉంది, పక్కన గులాబీ టోపీ. శనివారం ఎల్లుండే. వెళ్ళాలో వద్దో నేను ఇంకా తేల్చుకోలేదు.