చెవులు తెంపని క్యాసెట్

మొన్న ఆదివారం మా మనవరాలు సెల్‌ఫోనులో తన గొంతు తనే రికార్డు చేసుకుని, నచ్చక చెరిపేసి, మళ్ళీ చేసుకుని, మళ్ళీ చెరిపేస్తూ, ఉన్నట్టుండి తలెత్తి నానమ్మ గొంతు ఎలా ఉండేదని అడిగింది. అది పుట్టడానికి నాలుగేళ్ళ ముందే మా ఆవిడ పోయింది. ఫొటోలో రోజూ చూసే మనిషి ఎలా మాట్లాడేదో తెలుసుకోవాలనిపించడం సహజమే. అందులోనూ బీరువా నిండా మూడు వందల పైచిలుకు క్యాసెట్లు దాచుకున్న తాతని అడిగింది కనక, జవాబు చిటికెలో వస్తుందనుకుని ఉంటుంది. నేను మాత్రం చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.

మా తరంవాళ్ళకి రేడియో గురించి వేరే చెప్పక్కర్లేదు గానీ, విశాఖ పక్కన యారాడలో, మా జాలరి ఇళ్ళల్లో రేడియో ఉండేది పాటల కోసం కాదు, సముద్రం కోసం. గాలి ఎటు తిరుగుతోందో, వేటకి వెళ్ళొచ్చో వెళ్ళకూడదో వినగానే మా నాన్న బ్యాటరీలు అయిపోతాయని టక్కున కట్టేసేవాడు. ఆ కట్టేసే లోపల, తరవాతి కార్యక్రమం నాటకం అని చెప్పే ఒక నిండైన గొంతు సగం వాక్యం వినిపించేది. మిగతా సగం కోసం నాకు పట్టుకున్న ఆకలి జన్మలో తీరలేదు. అందుకే తొంభైల మొదట్లో ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, దువ్వాడ స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టగానే నేను చేసిన మొదటి ఘనకార్యం, పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి ఒక టేపురికార్డరు మోసుకురావడం.

రేడియో పాతది, టేపురికార్డరు కొత్తది, రెండిటికీ తీగ కలిపే వీలు లేదు. బల్లమీద వాటిని పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు ఎదురెదురుగా పెట్టి రికార్డు చేసేవాణ్ణి. దాంతో నాటకంతో పాటు ఇంట్లో చప్పుళ్ళన్నీ క్యాసెట్లోకి ఎక్కేవి. ఆదివారం మధ్యాహ్నం నాటకం వేళకి ఫ్యాను కట్టెయ్యాలి, కుక్కరు దించెయ్యాలి, కారే కొళాయి కింద గుడ్డ వెయ్యాలి. దువ్వాడలో రైళ్ళని ఎవరాపగలరు? నా దగ్గరున్న నాటకాల్లో రాజులూ రాణులూ కన్నీళ్ళు పెట్టుకుంటుంటే వెనక గూడ్సుబండి వెళ్తూనే ఉంటుంది.

రైలు మీద చూపలేని కోపం మా ఆవిడ మీద చూపించేవాణ్ణి. ఆమెదీ యారాడే. ఒడ్డున నిలబడి కేకేస్తే పడవలో ఉన్నవాళ్ళకి వినపడాలి కనక మా ఆడవాళ్ళ గొంతులు గట్టివి, ఆమెది ఇంకాస్త గట్టిది, ఆ గొంతు రెండు గదుల్లో ఇమిడేది కాదు. పైగా రేడియో విని విని నాకు మంచి తెలుగు పిచ్చి పట్టుకుంది. ఆమె నాను అంటే నేను అని దిద్దేవాణ్ణి, ఏటి అంటే ఏమిటి అనమనేవాణ్ణి. మావైపు మొగుణ్ణి మావా అని పిలుస్తారు. ఇరుగుపొరుగు వింటే నవ్విపోతారని చెప్పి, నాటకాల్లో భార్యల్లాగా ఏవండీ అనమన్నాను. మొదట్లో నవ్వింది, తరవాత సిగ్గుపడింది, చివరికి అలవాటు చేసుకుంది. ఇరవై ఏళ్ళు ఏవండీ అనే పిలిచింది. నేను రికార్డింగుకి కూర్చుంటే గాజులన్నీ మోచేతి దాకా తోసి, వాటిమీద చీరచెంగు చుట్టి, గుమ్మంలో చతికిలబడి నాటకం అయ్యేదాకా కదిలేది కాదు. ఒక నాటకంలో ఆమె తుమ్ము పడింది. అది పునఃప్రసారం అయ్యేదాకా కాచుకుని కూర్చుని, శుభ్రంగా మళ్ళీ పట్టి, తుమ్మున్నది చెరిపేశాను. నా అంత గొప్పవాడు ఇంకెవడుంటాడు!

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్ళలుండేవి, మీకు గుర్తుండే ఉంటుంది. వాటిని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఇక కొత్తగా ఏదీ ఎక్కదు, ఉన్నది చెరగదు. మా ఇంట్లో వాటిని చెవులు అనేవాళ్ళం. చెవులు తెంపింది నిండు క్యాసెట్, చెవులున్నది ఖాళీ క్యాసెట్, అదే మా ఇంటి చట్టం. మొదటిసారి నేను స్క్రూడ్రైవరు పెట్టి టప్పున విరిచినప్పుడు మా ఆవిడ అదిరిపడి, ఏవండీ సంగతి మరిచిపోయి, “మంచి వొస్తువు సెవులు తెంపీడమేటి మావా, పాపం కాదా?” అంది. నేను నవ్వేసి, ఏటి కాదు ఏమిటి అన్నాను.

మా అత్తకి, అంటే మా ఆవిడ తల్లికి, చెప్పలేనన్ని పాటలొచ్చు. ఒడ్డునుంచి పెద్దవల లాగేటప్పుడు పాడేవి, చేపలు ఎండబెడుతూ పాడేవి, పిల్లని ఉయ్యాల్లో వేసి పాడేవి, ఏ పుస్తకంలోనూ లేనివి. అత్త చనిపోయిన ఏడాది మా ఆవిడ నన్నొక కోరిక కోరింది. కాపురానికొచ్చాక ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక బహుశా అదొక్కటే. అమ్మ పాటలు ఇక తనకే వచ్చునని, తనకీ ఒక్కొక్క చరణం జారిపోతోందని, ఒక క్యాసెట్లో పట్టి పెట్టమని అడిగింది. చూద్దాంలే అన్నాను. ఈ ఆదివారం నాటకం ఉందన్నాను, పై ఆదివారం డ్యూటీ ఉందన్నాను. ఆ మాట నేను చెవిన పెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ యాసలో పాటలు, ఆ గొంతు, నా బీరువాలో ఆ మంచి తెలుగు పక్కన పెట్టడం నాకిష్టం లేకపోయింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

కొన్ని నెలల తరవాత ఒక ఆదివారం నాటకానికి వేళైపోతోంది, ఖాళీ క్యాసెట్ కనపడదు. డబ్బా అడుగున ఒకటి దొరికింది. చెవులున్నాయి. పైన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా బొట్టు పెట్టడం మా ఆవిడకి అలవాటు, సైకిలుకి పెట్టింది, కుక్కరుకి పెట్టింది, ఫ్యాక్టరీలో పెట్టుకునే నా హెల్మెట్టునీ వదల్లేదు. టేపుకి మరకంటుకుంటుందని విసుక్కుంటూ లుంగీ అంచుతో తుడిచేసి, క్యాసెట్‌కి కూడా దసరా చేసేశావా అని వెటకారమాడి, మీటలు రెండూ కలిపి నొక్కాను. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఏదో చెప్పబోయింది. అప్పటికే నాటకం మొదలైపోయింది కనక పెదవుల మీద వేలు పెట్టి ఉష్ అన్నాను. ఆమె గాజులు పైకి తోసుకుని, చెంగు చుట్టుకుని, ఎప్పట్లాగే కూర్చుంది. అరగంట సేపు కదల్లేదు.

ఆ తరవాత పదేళ్ళకి పైగా బతికింది. పాటల మాట మళ్ళీ ఎత్తలేదు. నేను కూడా, ఆ సరదా తీరిపోయి ఉంటుందనుకుని హాయిగా ఉన్నాను. చివరికి మూత్రపిండాల జబ్బు చేసి ఆరు నెలల్లో చేతుల్లోంచి జారిపోయింది. పెద్దకర్మ అయ్యాక, ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు వెళ్తుంటే, మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, నా దగ్గరికొచ్చి కూర్చుంది. “బావా, అక్క మా యమ్మ పాటలు కేసెట్లో పట్టింది కదా, ఒక్కపాలి ఎయ్యవా, యినేసి ఎలిపోతాను” అంది. ఏ పాటలు, ఏ క్యాసెట్ అని నేను తెల్లమొహం వేశాను. నేను డ్యూటీలో ఉన్న మధ్యాహ్నాలు మా ఆవిడ ఒక్కతే కూర్చుని, నేను నొక్కే మీటలు గుర్తుపెట్టుకుని, రోజుకి ఒకటి రెండు చొప్పున తల్లి పాటలన్నీ పాడి పెట్టుకుందట. పనయ్యాక చెవులు తెంపడానికి మాత్రం చేతులు రాలేదట. దానికి బదులు బొట్టు పెట్టిందట. బొట్టు పెట్టిన వస్తువు జోలికి ఎవరొస్తారు అందట చెల్లెలితో.

లుంగీ అంచుతో నేను తుడిచేసిన బొట్టు గుర్తొచ్చింది. మరదలికి జరిగింది తెలియదు. నా మొహం చూసి భయపడి, “ఎప్పుడడిగినా, మావ బీరువాలో బద్రంగా ఉందిలే అనీది బావా” అంది.

ఆ బీరువాలో క్యాసెట్లన్నీ నేలమీద పోసి వెతికాను. బొట్టు తుడిచేసినా ఒకదాని మూల స్క్రూ గుంటలో పసుపు మిగిలే ఉంది. దానిమీద నా చేతిరాతతో నాటకం పేరు అందంగా రాసి ఉంది. రెండో వైపు ఖాళీ, అదీ నిండాక తెంపుదామనుకున్నానేమో, చెవులు అలాగే ఉన్నాయి. పెట్టి విన్నాను. అరగంట నాటకం, వెనక గూడ్సుబండి, నటీనటుల పేర్లు, నేను ఆపిన చప్పుడు. అక్కడితో ఎప్పుడూ కట్టేసేవాణ్ణి, ఈసారి కట్టలేదు. కాస్త గరగర, తరవాత సగం మాట దగ్గర్నుంచి ఒక పాట చివరి చరణం, మెల్లగా, ఎవరూ లేని ఇంట్లో కూడా ఎవరైనా వింటారేమో అన్నట్టు. ఒక దగ్గు. ఆ మీదట, “ఇంక సాలు. మావొచ్చీ టైమైపోనాది. నాను ఆపేత్తన్నాను.”

అంతే. ఏవండీ కాదు, మావ. నేను కాదు, నాను. మనసులో ఇరవై ఏళ్ళూ నన్ను అలాగే పిలుచుకుందన్నమాట. ఆ రోజు ఏడ్చినట్టు నేను ఆమెని సాగనంపిన రోజు కూడా ఏడవలేదు. తేరుకున్నాక స్క్రూడ్రైవరు తెచ్చి ఆ క్యాసెట్ చెవులు తెంపాలని కూర్చున్నాను. పాపం కాదా అన్న మాట వినపడుతూనే ఉంది. అయినా తెంపాను. మళ్ళీ అలాంటి పని చేసే అవకాశం నాకివ్వకూడదు కదా.

మొన్న ఆ ముక్కే మనవరాలికి వినిపించాను. రెండోసారి వెయ్యమంది, మూడోసారి వెయ్యమంది, ఆ తరవాత నాను అంటే ఏమిటని అడిగింది. నాను అంటే నేను అని చెప్పాను, అంతకంటే దిద్దడానికి ఏమీ లేదు. అది ఒక్క క్షణంలో ఆ ముక్కని తన ఫోనులోకి ఎక్కించుకుంది. ఇప్పటి పిల్లలకి గొంతులకేం కొదవ, పుట్టిన దగ్గర్నుంచీ ఏడుపూ నవ్వూ అన్నీ ఫోనుల్లో ఉంటాయి, ఒకటి పట్టడానికి ఇంకొకటి చెరపాల్సిన పని లేదు, ఎవరినీ ఉష్ అనక్కర్లేదు. కానీ అత్త పాటలు పాడే గొంతు యారాడలో ఇప్పుడొక్కటీ లేదు. అడిగి చూశాను. వల లాగేవాళ్ళ జేబుల్లో ఫోనులు మోగుతున్నాయి.

సాయంత్రం కొడుకూ కోడలూ మనవరాలిని తీసుకుని గాజువాక వెళ్ళిపోయాక తలుపేసుకుని కూర్చున్నాను. కుక్కరు కూత లేదు, కొళాయి చుక్క లేదు, గాజుల చప్పుడు లేదు. ఆనాడు నేను కాపలా కాసి మరీ కోరుకున్న నిశ్శబ్దం ఇంటినిండా ఉంది. రికార్డు చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు.