గుమ్మం బయట బూట్లు

1998లో, అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదాలో ఉండగా, నన్ను వారానికొక రోజు మాదాపూర్‌లో కూలీల కోసం పెట్టిన వైద్య శిబిరానికి డిప్యూటేషన్ మీద వేశారు. హైటెక్ సిటీ అంటే అప్పటికి లేస్తున్న ఒక పెద్ద భవనం, చుట్టూ బండరాళ్లు, కూలీల రేకుల గదులు. నన్నే ఎంచడానికి కారణం, మా ఎముకల విభాగంలో నడిచే స్కూటర్ నా ఒక్కడికే ఉండటం.

అక్కడ చూసిన పిల్లల్లో ఏడేళ్ల మంజుల ఒకతె. పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. పిక్కలు ఎప్పుడూ బిగుసుకుని ఉండటంతో మడమలు నేలకు ఆనేవి కావు. మునివేళ్ల మీద నడుస్తూ పదడుగులకోసారి పడేది. తల్లి యాదమ్మ, తాపీమేస్త్రి అయిన తండ్రి పాలమూరు నుంచి వచ్చారు. పిల్ల తనంతట తాను నడిచొస్తేనే బడిలో చేర్చుకుంటానని పంతులు షరతు పెట్టాడు.

మా పెద్దాసుపత్రిలో మడమల వెనక స్నాయువులు కోసి పొడుగు చేశాను. ఆరు వారాల పిండికట్టు తర్వాత కాలిపర్లు ఇచ్చాం. కాలిపర్ అంటే పిక్క దాకా రెండు ఇనుప కడ్డీలు, వాటి కింద బిగించిన తోలు బూటు. ఎముక పెరిగినంత వేగంగా పిక్క కండరం పెరగదు కాబట్టి, కాలిపర్ లేకపోతే మడమ మళ్లీ లేస్తుంది. అందుకే డిశ్చార్జి చీటీలో ‘రాత్రింబవళ్లు’ అని రాసి కింద గీత కూడా కొట్టాను.

ఎనిమిది నెలలకు మడమలు మళ్లీ లేచాయి. రోజూ తొడుగుతున్నావా అని యాదమ్మను అడిగాను.

“తొడుగుతున్న సారు. అది లేకుంట బయట అడుగు పెట్టనియ్య.”

నేను నమ్మలేదు. కేస్ షీటులో ‘తల్లి సహకారం లేదు’ అని రాసి రెండో ఆపరేషన్‌కు తేదీ వేశాను. అదే స్నాయువును మళ్లీ పొడుగు చేస్తే పాదం బలం తగ్గి, మోకాళ్లు వంగిపోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే బడి సంగతి మరచిపోవచ్చు. తెలిసే తేదీ వేశాను.

తండ్రి సంతకం కావాలి. స్లాబు పోసే రోజు కావడంతో మధ్యాహ్నం అన్నానికే గదికొస్తాడన్నారు. నాలుగు చీవాట్లు సిద్ధం చేసుకుని, కాగితం పట్టుకుని నేనే వెళ్లాను. గుమ్మం దగ్గర అలవాటుగా నా బూట్లు విప్పాను. పక్కన పెట్టబోతే అక్కడ మంజుల కాలిపర్లు ఉన్నాయి. శుభ్రంగా తుడిచి గోడకు ఆనించారు. లోపల మంజుల మునివేళ్ల మీద నిలబడి గిన్నెలు సర్దుతోంది.

ఇదేమిటని అడిగితే యాదమ్మే ఆశ్చర్యపోయింది. “చెప్పులేస్కొని ఇంట్లకెట్ల రానిస్త సారు? పొయ్యి ఈడనే, దేవుడు ఈడనే. మీరు గూడ ఇడిసిన్రు గద?”

నా కాళ్లకు మేజోళ్లే ఉన్నాయి. పిల్ల బయట తిరిగేది రోజుకు రెండు గంటలు. నిద్ర, తిండి, ఆట అన్నీ ఆ గదిలోనే. నాకు సిగ్గేసింది. సంతకం అడగకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“బూటు లేనిది చెయ్యరాదా సారు?” అని ఆమే అడిగింది.

చేయవచ్చు. మా వర్క్‌షాపువాళ్లు పాదాలకు అచ్చు తీసి, ఇంట్లోనూ వేసుకునేలా బూటు లేని తొడుగులు ప్లాస్టిక్ రేకుతో నాలుగు రోజుల్లో చేసిచ్చారు. అంతకుముందు ఆరు వారాలు, వారం వారం పాదాన్ని ఇంకాస్త పైకి వంచుతూ పిండికట్లు మార్చాం. మడమలు దిగాయి. ఆపరేషన్ రద్దయింది. జూన్‌లో మంజుల బడికి నడిచి వెళ్లింది. దారిలో రెండుసార్లు పడిందట. ఆ సంగతి పంతులుకు మాత్రం చెప్పలేదని యాదమ్మ నాతో అంది.

కేస్ షీటులో రాసిన తప్పును చెరపకూడదు. దాని మీద ఒక గీత కొట్టి, సరైనది రాసి, సంతకం పెట్టాలి. ‘తల్లి సహకారం లేదు’ మీద గీత కొట్టి, ‘డాక్టరు సూచన ఇంటికి సరిపోలేదు’ అని రాసి సంతకం పెట్టాను. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, కాలిపర్ రాసే ముందు ప్రతి తల్లినీ ఒక ప్రశ్న అడిగాను: మీ ఇంట్లో చెప్పులు ఎక్కడ విడుస్తారు?