నోరు కదిలినందుకు

2022 ఆగస్టు 17, బుధవారం, ఉదయం పదీ ఇరవై. టీ గంటకు ఇంకా పది నిమిషాలుంది. కాశీబుగ్గలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో, పొట్టు తీసే హాల్లో కూర్చున్న మా చెల్లెలి నోరు కదిలింది. మా కష్టాన్ని నేను అక్కణ్ణించే లెక్కవేస్తాను. అంతకుముందూ కదిలి ఉండవచ్చు. చూసినవాళ్లు లేరు.

అప్పటికి నాకు అరవై తొమ్మిది, దానికి యాభై ఎనిమిది. నేను నందిగాంలో లెక్కల టీచరుగా రిటైరయ్యాను. భర్తలు పోయాక ఇద్దరం పలాసలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అది ఇరవై ఆరేళ్లుగా ఆ ఫ్యాక్టరీలోనే పప్పు పొట్టు తీస్తోంది. పప్పు మీద గోటి గాటు పడకుండా పొట్టు లాగెయ్యడంలో దాని చేతికి పేరుంది. కొత్తగా చేరిన ఆడవాళ్లను దాని పక్కనే కూర్చోబెట్టేవారు.

ఆ హాల్లో ఒక కట్టుబాటుంది. పళ్లెం ముందు కూర్చుని మాట్లాడుకోవచ్చు, నవ్వుకోవచ్చు, నమలకూడదు. వక్కపలుకైనా సరే. నోరు ఆడితే పప్పు తిన్నట్టే.

ఆ రోజు జరిగింది మా పక్కింటి కోడలు చెప్పింది. తనదీ అదే వరుస.

"ఏటి పిన్నీ, ఒక్కర్తివే నమిలేత్తన్నావు? మాకూ ఓ బద్ద పెట్టరాదేటి?" అని తను వేళాకోళమాడిందట.  చెల్లెలి కళ్లు ఎదుటి గోడ మీద ఉన్నాయి. పెదాలు చప్పరిస్తున్నాయి. కుడిచెయ్యి చీర అంచును గిల్లుతోంది, పొట్టు లాగుతున్నట్టే. చుట్టూ నవ్వులు వినబడి మేస్త్రీ వచ్చాడు.

"నోట్లో ఏటది? నోరు తెరు."

దాని పెదాలు ఇంకా చప్పరిస్తూనే ఉన్నాయి.

"నిన్నేనే! సూడండి, పొగరు సూడండి."

ఓ నిమిషానికి అది తల తిప్పి, "ఏటి బాబూ?" అంది, అప్పుడే లోపలికి వచ్చినదానిలా.

పుక్కిలించమని తెల్లటి గిన్నెలో ఉమ్మించారు. నీళ్లు తేటగా ఉన్నాయి.

"మింగీసుంటాది" అన్నాడు మేస్త్రీ.

తినలేదని అది అక్కడే ఒట్టు వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి నాతో అంది: "నాకు గేపకం నేదప్పా. తిన్నానని సెప్పనేను, తిన్నేదనీ సెప్పనేను. తెలవనిదానికి ఒట్టెలాగేత్తాను?"

ఆ నెలలోనే మరోసారి, సెప్టెంబరులో రెండుసార్లు అలాగే జరిగింది. అక్టోబరులో పని మానిపించారు. మా వీధిలో పిల్లలు కూడా "పప్పు మామ్మగారు" అని పిలవడం మొదలుపెట్టారు.

నోరు ఆడే ముందు జీడి తొక్క మాడిన వాసన వస్తుందని అది చెప్పేది. పలాసలో ఆ వాసన ఎప్పుడు రాదు గనక? పట్టించుకోలేదు. ఒకసారి వాన పట్టి రెండు రోజులుగా జీడిపిక్కలు కాల్చే బట్టీలన్నీ ఆగిపోయినప్పుడు, అన్నం తింటూ "అబ్బ, తొక్క మాడిపోతంది" అంది. వెంటనే చూపు నిలిచిపోయింది. అప్పుడు గోడ గడియారం చూశాను. డెబ్బై సెకన్లు. పిలిచాను, భుజం తట్టాను. నేను దానికి ఎదురుగా లేనట్టే ఉంది.

2023 ఫిబ్రవరి 20న విశాఖపట్నంలో ఒక నరాల డాక్టరు నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విని, "ఇది మూర్ఛేనమ్మా" అన్నారు. పడిపోయి కొట్టుకోవడం ఒక రకం. మెదడులో ఒక చోట మొదలై అక్కడే ఆగితే మనిషి పడదు. చూపు నిలిచిపోతుంది, నోరు చప్పరిస్తుంది, చేతులు ఏదో పని చేస్తాయి, తరవాత ఏదీ గుర్తుండదు. లేని వాసన రావడం దాని మొదలే. కొందరు పిల్లలకు కొన్ని సెకన్లు చూపు ఆగిపోతుంది, పరధ్యానం అనుకుంటాం. కొందరికి పొద్దున్నే చేతులు ఉలిక్కిపడి గ్లాసు జారిపోతుంది. మీ చెల్లెలిది ఒంటినిండా పాకే రోజు రావచ్చు, అప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లండి అని చెప్పారు.

డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. మేస్త్రీ కుర్చీ వేశాడు. "ఫిట్సంటే పడిపోవాల, నురగ కక్కాల. కూకొని నమిల్తే ఫిట్సేటండీ టీచరుగారూ?" అన్నాడు. వెటకారం కాదు. అతనికి తెలిసింది అంతే. ఊరందరికీ తెలిసింది అంతే.

ఏప్రిల్ లో అది కూరగాయల బజారులో పడిపోయింది. ఒళ్లు బిగుసుకుని కొట్టుకుంది. ఎవరో గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టారు, ఎవరో పళ్ల మధ్య చెంచా దూర్చారు. నేను తోసుకుని వెళ్లేసరికి రెండు ముందు పళ్లు విరిగిపోయాయి.

ఇప్పుడు అందరూ నమ్మారు. మళ్లీ వెళ్తే ఈసారి యజమానే మాట్లాడాడు. "పాపమేనమ్మా. కానీ అంత జబ్బు మనిషిని లోపలెలా కూకోబెడతాం?"

"పని వద్దు బాబూ. దొంగ కాదని ఒక్క మాట, హాల్లో ఆడవాళ్లందరికీ వినబడేలా చెప్పండి."

"ఇప్పుడవన్నీ ఎందుకండి, మర్సిపోండి."

మాత్రలకు నోరు ఆడటం తగ్గింది గానీ చెయ్యి వణకడం మొదలైంది. ఇంటి దగ్గర పొట్టు తీసి ఇచ్చే పని ఎక్కడో అడిగి తెచ్చుకుంది. పప్పు బద్దలైపోయేది. "సెయ్యి సూడప్పా, ఇది నాదేనా?" అనేది. ఉన్నట్టుండి మాత్రలు ఆపకూడదని డాక్టరు చెప్పారని నేను పూటపూటా గుర్తు చేసేదాన్ని. నా ఎదుటే నోట్లో వేసుకుని నీళ్లు తాగేది. పెరట్లోకి వెళ్లి ఉమ్మేసేదని తరవాత తెలిసింది. చెయ్యి నిలకడగా ఉంటే మళ్లీ పిలుస్తారని దాని ఆశ. ఆ హాల్లో, ఆ వరుసలోనే కూర్చుని, నోరు కదపకుండా ఒక్క రోజు పని చేసి చూపించాలనుకుంది.

2023 నవంబరు 9, గురువారం, మధ్యాహ్నం మూడుకు పది నిమిషాలుండగా వంటింట్లో పడిపోయింది. పక్కకు తిప్పాను. తాళాలు తెచ్చినవాళ్లను ఆపాను. గడియారం చూశాను. అయిదు నిమిషాలు దాటింది, ఆగలేదు. పలాసలో ఇంజక్షన్ చేసి శ్రీకాకుళం పంపారు. టెక్కలి దాటాక అంబులెన్సులో నాడి పట్టుకుని కూర్చున్న అటెండరు దాని చెయ్యి వదిలేశాడు. చెప్పినవన్నీ చేశాను. ఒక్కటీ తప్పలేదు. ఏమీ మారలేదు.

పోయినవి: ఇరవై ఆరేళ్లు చేసిన పని. జబ్బు పేరు తెలియక గడిచిపోయిన ఆరు నెలల మూడు రోజులు. రెండు పళ్లు. దొంగ కాదన్న ఒక్క మాట, అది ఈ రోజుకీ ఎవరూ అనలేదు. యాభై తొమ్మిదేళ్ల చెల్లెలు.